ఎండకు అలవాటు చేసిన సార్

మాకు పరుగు నేర్పిన సార్ ఎండలో నిలబడగా నేనెప్పుడూ చూడలేదు. అశ్వారావుపేట దాటాక, పామాయిల్ తోటల పక్కన ఒక మైదానం ఉండేది. దాని మూల వేపచెట్టు, చెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీ, కుర్చీలో ఆయన. నెత్తిమీద తడిపి పిండిన తువ్వాలు, చేతిలో విజిల్, కాళ్ల దగ్గర స్టీలు క్యాన్‌లో మజ్జిగ. మేము చుట్లు తిరుగుతుంటే ఆయన గ్లాసు తరవాత గ్లాసు తాగుతూ మాకు ఓర్పు గురించి చెప్పేవాడు.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. మాది తిరుమలాయపాలెం పక్కన ఊరు. కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగు పరీక్ష ఉందని ఆ శిక్షణలో చేరాను. ఆడపిల్లలం పదకొండు మందిమి. సార్ ఒకప్పుడు జిల్లా తరఫున పరుగెత్తాడని అందరూ అనేవారు. ఎవరు చెప్పారని ఆరా తీస్తే ప్రతిసారీ ఆయన దగ్గరికే వచ్చి ఆగేది.

ఆయన విద్య అంతా రెండు ముక్కలు. మొదటిది, పరుగు అయ్యేదాకా చుక్క నీళ్లు ముట్టకూడదు. "నీళ్లు తాగితే పొట్ట బరువైతది. పొట్ట బరువైతే కాళ్లు లేవయి" అనేవాడు. రెండోది, మే నెలలో మధ్యాహ్నం మూడింటికి ఉరకాలి. "బాడీని ఎండకు అలవాటు చెయ్యాలె. పరీక్షనాడు సూర్యుడు మీకు మేనమామ అయితడా, చల్లగ చూస్తందుకు?"

ఆ పరీక్ష పొద్దున్నే పెడతారని మా అందరికీ తెలుసు. ఒక్కరం కూడా ఆ మాట అనలేదు. డిగ్రీలు చదివిన పదకొండు గొర్రెలం. ఆయన మీద నాకున్న చీదరలో మాకూ వాటా ఉంది.

మాలో అందరికంటే బాగా ఉరికేది భద్రాచలం అవతల అడవిలో కోయగూడెం నుంచి వచ్చిన అమ్మాయి. నాకంటే మూడేళ్లు చిన్నది. ఇద్దరం ఒకే గదిలో ఉండేవాళ్లం. నన్ను అక్కా అనేది. ఆమె ఉరుకుతుంటే కాళ్ల చప్పుడు కూడా వినపడేది కాదు. మధ్యలో ఆమెకు మలేరియా వచ్చింది. ఇంటికి పోయి పది రోజులుండి, చెంపలు లోపలికి పోయి తిరిగొచ్చింది. వచ్చిన రోజే సార్‌తో చెప్పింది, "జరమొచ్చి తగ్గింది సార్, ఇంక నీరసంగున్నది" అని. నేను పక్కనే ఉన్నాను.

సార్ నవ్వాడు. "అడివిల పుట్టినదానివి, నీకు గూడ నీరసమేందే? పో, ఉరుకు."

మూడో రోజు జరిగింది. గాలి లేదు. నేల మీది వేడి బూట్ల అడుగులోంచి పైకి వస్తోంది. ఎప్పుడూ ముందుండే ఆమె ఆ రోజు నాలుగో చుట్టుకే వెనకబడింది. నేను దాటిపోతుంటే చూశాను, గీత మీద కాకుండా వంకరటింకరగా వస్తోంది. దాటి వెళ్లిపోయాను. ఇంకో చుట్టు తిరిగి వచ్చేసరికి, కంచె దగ్గర నిలబడి కోయ మాటల్లో ఎవరితోనో మాట్లాడుతోంది. అక్కడ ఎవరూ లేరు. అప్పుడు కూడా ఆగలేదు. ఆగితే సార్ మళ్లీ మొదటి నుంచి ఉరికిస్తాడని భయం. నాలుగు అడుగులు వేశానో లేదో, వెనక దబ్బున చప్పుడు అయింది.

వెళ్లి పట్టుకుంటే ఒళ్లు పెనంలా ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ నన్ను గుర్తుపట్టడం లేదు. బట్టలన్నీ చెమటతో తడిసి ఉన్నాయి.

"సార్, వడదెబ్బ!" అని అరిచాను.

ఆయన మెల్లగా లేచి వచ్చాడు. గొడుగు వేసుకుని వచ్చాడు. "గంత చెమట పడుతుంటె వడదెబ్బ ఎట్లయితది? తినకుంట వస్తరు, పడిపోతరు. మొఖం మీద జర నీళ్లు చల్లి పండవెట్టుండ్రి."

"ఒంటి మీద పోద్దాం సార్."

"పిచ్చిదానివా? గింత వేడి మీద చన్నీళ్లు పోస్తే జన్ని కొడతది, ఫిట్సొస్తయి. గ్లూకోజు తాపుండ్రి."

స్పృహలో లేని మనిషి నోట్లో గ్లూకోజు నీళ్లు పోయమంటున్నాడు. అప్పటిదాకా మాకు ఇవ్వని నీళ్లు!

అంతలో రోడ్డు మీద పామాయిల్ మొక్కలకు నీళ్లు తీసుకుపోయే ట్రాక్టర్ ఆగింది. ట్యాంకర్ మీద కూర్చున్న కూలామె, యాభై ఏళ్లుంటాయి, దిగి ఉరికొచ్చింది. ఒంటి మీద చెయ్యి వేసి చూసింది. సార్ వైపు చూడను కూడా లేదు.

"అట్ల నిలవడి చూస్తరేందే? కాళ్లు పట్టుండ్రి, పైపు కాడికి మొయ్యుండ్రి. జల్దీ!"

మోశాం. డ్రైవర్ పైపు తిప్పాడు. కూలామె ఆ అమ్మాయి తల తన ఒళ్లో పెట్టుకుని, మెడకింద, చంకల్లో, తొడల మీద ఆపకుండా నీళ్లు పట్టించింది. మేము చున్నీలతో విసిరాం. "జన్ని కొడితే నాకు సంబంధం లేదు" అని సార్ మూడుసార్లు అన్నాడు. చాలాసేపటికి ఆ అమ్మాయి వణికి, "అక్కా, సలి" అంది. అప్పుడు ఆటోలో దవాఖానాకు తీసుకుపోయాం.

డాక్టరమ్మ అంతా విని, "ఆడనే చల్లబరిచి తెచ్చిండ్రు గాబట్టి బతికింది" అంది. ఉరికేటప్పుడు కండలు పొయ్యిలా వేడి పుట్టిస్తాయట. రక్తం ఒకపక్క కాళ్లకు అందాలి, ఇంకోపక్క ఆ వేడిని చర్మం దాకా మోయాలి. ఒంట్లో నీళ్లు తగ్గితే రెండూ చేయలేదు. అప్పుడు వేడి మెదడుకు ఎక్కుతుంది, చెమట పడుతున్నా సరే. ఎండకు అలవాటు కావాలంటే రోజుకింత పెంచుకుంటూ, నీళ్లు తాగుతూ, రెండు వారాలు పడుతుంది. జ్వరంతో మంచం పట్టిన మనిషికి ఆ అలవాటు పోతుంది.

సార్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "జరమొచ్చిన సంగతి నాకు చెప్పలే మేడమ్."

"చెప్పింది సార్. నేను పక్కనే ఉన్న" అన్నాను. ఆ శిక్షణలో నేను ఆయనకు ఎదురు చెప్పింది అదొక్కసారే.

మర్నాడు ఆమె మూత్రం డికాషన్ రంగులో వచ్చింది. కండరాలు చెడి, ఆ చెత్త కిడ్నీలకు అడ్డం పడిందన్నారు. ఖమ్మం పంపించారు. తొమ్మిది రోజులు సెలైన్ మీద ఉంది. సార్ ఒకసారి వచ్చి, డజను అరటిపళ్లు పెట్టి, వాళ్ల నాయనకు ఓర్పు గురించి చెప్పి పోయాడు.

నేను శిక్షణ మానేశాను. మా ఊరి రోడ్డు మీద పొద్దున్నే సీసాడు నీళ్లు పెట్టుకుని ఉరికాను. పరీక్ష నెగ్గాను. నెల తిరక్కుండానే అశ్వారావుపేట సెంటర్‌లో ఫ్లెక్సీ వెలిసింది, "మా శిక్షణలో ఆణిముత్యాలు" అని. అందులో నా ఫొటో ఉంది. సార్ ఫొటో నాకు నాలుగింతలు ఉంది, ఎండ పడకుండా నల్లకళ్లద్దాలతో.

ఆ అమ్మాయి కిడ్నీలు కోలుకున్నాయి, కానీ ఆ ఏడు పరుగు లేదు. తరవాత కూడా కొంచెం ఎండకే తల తిరిగేది. పోలీసు ఆశ వదిలి టీచర్ ట్రైనింగ్ చేసింది. ఇప్పుడు వాళ్ల గూడెం పక్క బడిలోనే చెబుతోంది. మొన్న వానాకాలంలో బందోబస్తు డ్యూటీకి అటు పోయినప్పుడు వాళ్లింటికి వెళ్లాను. పడిపోయిన రోజు ఆమెకేమీ గుర్తు లేదట. అందుకే నేనే చెప్పాలనిపించింది.

"ఆ రోజు నిన్ను చూసి గూడ ఆగలే. రెండుసార్లు దాటిపోయిన" అన్నాను.

ఆమె చేతిలోని చేట పక్కన పెట్టింది. "రెండుసార్లా?" అంది. "నువ్వా? నన్నా?"

నిజంగానే మొహం చిన్నబుచ్చుకుంది. టీ తాగుతున్నంతసేపూ ఆ ఒక్కటే అడిగింది, ఏ చుట్టులో, ఎంత దూరంలో, ఎట్లా దాటానని.