పైమెట్టు మీద పిల్లనగ్రోవి

ఆ మధ్యాహ్నం గ్రామఫోన్ ప్లేటులోంచి పిల్లనగ్రోవి మాయమైంది.

పురసవాక్కంలో మా ఇంటి ముందుగదిలో నన్ను వేరుగా పడుకోబెట్టి అప్పటికి మూడో నెల. ఊపిరితిత్తుల్లో క్షయ. ఎక్స్‌రేలో కుడివైపు పైన షాడో ఉందన్నారు. రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజక్షన్, దానితోపాటు మాత్రలు. బట్టల కొట్లో పనిచేసేవాణ్ణి, నోరు మూసుకుని కూర్చోవడం నాకు చేతకాదు. మాట్లాడితేనేమో దగ్గు. అందుకని గ్రామఫోన్ పెట్టెను మంచం పక్కకు జరిపించుకున్నాను.

చుట్టాలు వీధిలోంచే పలకరించి పోతున్న ఆ రోజుల్లో లోపలికి వచ్చి కూర్చున్నవాడు దేవదానం ఒక్కడే. తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ ఫిట్టరు. మా స్నేహమంతా ప్లేట్ల మార్పిడితో పెరిగింది. ఆదివారం చర్చి అయ్యాక తనకిష్టమైన ప్లేట్ల సెట్టు ఒకటి తెచ్చిచ్చి, నాది ఒకటి పట్టుకుపోయేవాడు. మా ఇద్దరికీ ఒకటే షరతు: ఒక ముల్లు ఒక్క పాటకే. పాత ముల్లు ప్లేటును గీరేస్తుంది, అప్పుడు మొదట పోయేది సన్నని నాదమే.

నాకు ప్రాణమైనది ఒక పిల్లనగ్రోవి సెట్టు. నాలుగు ప్లేట్లు, పుస్తకంలాంటి అట్టల మధ్య. దేవదానం దగ్గర రెండు వారాలుండి తిరిగొచ్చింది. ఆ మధ్యాహ్నం మూడో ప్లేటు పెట్టాను. పిల్లనగ్రోవి మెట్లెక్కుతున్నట్టు పైకి పోతోంది. పైమెట్టు దగ్గర ఆగిపోయింది. మృదంగం మాత్రం ఎవరికో తోడు వాయిస్తున్నట్టు సాగుతూనే ఉంది. కాసేపటికి పిల్లనగ్రోవి మళ్ళీ కిందికి దిగి వచ్చింది. ముల్లు మార్చాను. ఆరు ముళ్ళు మార్చాను. ప్రతిసారీ అదే చోట పోయి, అదే చోట తిరిగొచ్చింది.

ఆ వారంలోనే ఇంకొకటి జరిగింది. మా ఆవిడ కనకమ్మ గదిలోకి వస్తోందంటే పట్టీల చప్పుడే ముందు చెప్పేది. ఇప్పుడు తలెత్తేసరికి మంచం పక్కనే నిలబడి ఉంటోంది. అలికిడి లేకుండా ఎందుకొస్తున్నావని కసిరితే, ఎప్పటిలాగే వచ్చానంది. నా రోగానికి జడిసి పిల్లిలా నడుస్తోందనుకుని మనసు కష్టపెట్టుకున్నాను.

తరువాత, పెట్టె మూసి ఉన్నప్పుడు పిల్లనగ్రోవి మొదలైంది. ఒకటే స్వరం, చాలా పైన. ఎక్కడా ఊపిరి తీసుకోదు. మనిషన్నవాడు అలా వాయించలేడు. పెట్టె మూత తీసి లోపల చెయ్యి పెట్టి చూశాను. ప్లేట్లను బీరువాలో పెట్టి తాళం వేశాను. అయినా ఆగలేదు. ప్లేటులోంచి పోయిన నాదం గదిలో తిరుగుతోందని నాకు నిజంగా భయం వేసింది.

"చెవిలో సౌండ్ ఏమైనా ఉందా?" అని డాక్టరు ప్రతివారం అడిగేవాడు. లేదనే చెప్పాను. అది చెవిలో కాదు, గదిలో ఉందనుకున్నాను. ఆ మాట చెబితే పిచ్చి పట్టిందంటారని కూడా భయం.

ఆదివారం దేవదానం రాగానే కోపమంతా వాడి మీద కక్కాను. అరిగిన ముల్లుతో నా ప్లేటును చంపేశావన్నాను. వాడు జేబులోంచి కొత్త ముళ్ళ డబ్బీ తీసి, ఒకటి బిగించి, మూడో ప్లేటు పెట్టాడు.

పిల్లనగ్రోవి పైకెక్కింది, ఆగిపోయింది. దేవదానం కళ్ళు మూసుకుని ఉన్నాడు. వాడి వేళ్ళు మోకాలి మీద ఆడుతూనే ఉన్నాయి. గుమ్మంలో చేటతో నిలబడ్డ కనకమ్మ తల ఊపుతోంది. నాకేమీ వినపడని చోట వాళ్ళిద్దరూ ఏదో వింటున్నారు.

"ఈడే రా పోయింది," అన్నాను.

వాడు కళ్ళు తెరిచి నా ముఖంలోకి చూశాడు. "పోలేదు రా. వాయిస్తా ఉండాడు. ఇప్పుడు కూడా వాయిస్తానే ఉండాడు."

కనకమ్మ వైపు చూశాను. ఆమె తల ఊపడం ఆపేసింది. "నాకూ ఇనిపిస్తా ఉండాది," అంది మెల్లగా.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నా చెవి పోతే ప్లేటును తిట్టాను, స్నేహితుణ్ణి తిట్టాను.

మర్నాడు దేవదానం లీవు పెట్టి నన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరు ట్యూనింగ్ ఫోర్కును మోగించి చెవి దగ్గర పెట్టాడు. ఫోర్కు వణకడం కనపడుతోంది, శబ్దం లేదు. చిన్నగా ఉన్న ఇంకో ఫోర్కు పెట్టాడు. అదీ అంతే. "స్ట్రెప్టోమైసిన్ ఎయిత్ నర్వ్‌ను, అంటే చెవి నరాన్ని కొట్టింది. ఇంజక్షన్ ఈరోజే స్టాప్. వారం వారం అడిగాను, ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. పోయింది తిరిగి వస్తుందా అని అడిగాను. ఉన్నదాన్ని నిలబెట్టుకుందాం అన్నాడు.

ఇంజక్షన్ ఆపిన నెలకే జ్వరం తిరగబెట్టింది. చెవి కోసం ప్రాణం పోగొట్టుకుంటానేమోనని ఏడ్చాను. ఒంటి తూకం చూసేదీ ఆ చెవి నరమేనట, ముఖం కడుక్కుంటూ కళ్ళు మూసుకుంటే నేల పక్కకు ఒరిగేది. కొళాయి దగ్గర రెండుసార్లు పడ్డాను. ఐఎన్‌హెచ్, పాస్ మాత్రలు గుప్పెడేసి మింగుతూ ఇంకో ఏడాది గడిచింది. చివరి ఎక్స్‌రే చూసి "షాడో క్లియర్" అన్నారు.

ఇప్పుడు మళ్ళీ కొట్లో ఉన్నాను. కొనేవాళ్ళు అడిగేది పెదవులు చూసి తెలుసుకుంటాను. ఆ ఊపిరి తీయని స్వరం మాత్రం నన్ను వదల్లేదు. ఇది రాస్తుంటే కూడా ఉంది.

దేవదానం ఇంకా ఆదివారాలు సెట్టు మార్చుకోవడానికి వస్తాడు. తప్పయింది రా అని ఒకసారి అన్నాను. వాడు వినపడనట్టు ముల్లు మార్చుకుంటూ కూర్చున్నాడు. మూడో ప్లేటులో ఆ చోటు రాగానే వాడు ఒక వేలు పైకెత్తుతాడు. పిల్లనగ్రోవి పైన ఉన్నంతసేపూ అలాగే పట్టుకుంటాడు. వేలు దించినప్పుడు నాకు మళ్ళీ వినపడుతుంది.

ఈ ఇంజక్షన్లు వేయించుకునేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. రోజూ చేతిగడియారాన్ని రెండు చెవుల దగ్గరా పెట్టుకుని టిక్కుటిక్కు వినండి. తరువాత ఇంట్లో మరొకరి చెవి దగ్గర పెట్టి అడగండి. తేడా ఉంటే ఆ రోజే డాక్టరుకు చెప్పండి. నేను ఆరు ముళ్ళు మార్చి చూశాను. గోడకు అవతలే ఉన్న కనకమ్మను ఒక్కసారి పిలిచి, నీకు వినపడుతోందా అని అడగలేదు.