నీటికుక్క కోసం కోసిన వల

చేపలు పట్టి తినే నీటికుక్కలను చూడాలని రాజోలు దిగువన మడ అడవిలో మోకాలి లోతు బురద తొక్కుకుంటూ మడుగు చేరాం. దారి చూపిన జాలరి వలలోనే ఒకటి చిక్కి, తాళ్లు కొరుకుతూ గింజుకుంటోంది. ఆయన తెడ్డుతో దాని నడుం మీద కొట్టాడు. నెత్తురు చిమ్మింది. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"వదలండి మేస్టారూ! మీరు చూసి వెళ్లిపోతారు. వల పోతే మా పొయ్యి వెలగదండి."

జంతుబలులు ఆపమని ఊరూరా వాదించి నెగ్గిన నేను ఆయన చెయ్యి వదిలేశాను. ఆయన మళ్లీ తెడ్డెత్తాడు. ఆయన్ని బురదలోకి తోసేసి, ఆయన మొలలోని కత్తి లాక్కుని వల కోసేశాను. పారిపోతూ అది నా అరచేతిని ఎముకదాకా కొరికింది.

జాలరి లేచి, తన తలగుడ్డ చింపి నాకు కట్టు కట్టాడు.

"అది వల జానెడే కొరికిందండి. బారెడు కోసింది మీరేనండి."