ఈతమట్టల కింద దుప్పి

మట్టల ఆదివారం, పొద్దున ఆరుంబావు. పెద్ద రోడ్డు నాలుగు వరసలు చేసిన మరుసటేడు. రోజైనా గంటైనా నేను తప్పు చెప్పను. అక్షరాలు నలభై దాటాక నేర్చుకున్నాను గానీ, గుర్తు పెట్టుకోవడం చిన్నప్పట్నించీ వచ్చు.

గుండుగొలను పైన మెట్టలో ఓ బోడిగుట్టని మళ్ళీ అడవి చెయ్యాలని ఫారెస్టు వాళ్ళు మొక్కలు వేయించారు. నేరేడు, వేప, రేల. గింజ నుంచి పెంచింది నేనూ మా వదినా. రెండేళ్ళు వరసగా దుప్పులు చిగుళ్ళు కొరికేశాయి. మూడోసారీ పోతే ఇక వేసేది లేదన్నారు. దాంతో ఇంటింటికీ తిరిగి పాతచీరలు అడుక్కొచ్చి, గుంజలు పాతి మొక్కల చుట్టూ కట్టాం. మనిషి వాసనకి జంతువు దగ్గరికి రాదు.

ఫారెస్టు గార్డు గారు ఒకటే చెప్పారు. "గుట్ట నడుమ నీటిగుంటకి పోయే దారి మాత్రం వదలండమ్మా. ఎండల్లో వాటికి ఆ నీళ్ళే."

వదిలాం. ఆ దారి పక్క మొక్కలన్నీ మోడులయ్యాయి. శనివారం సాయంత్రం అది చూసి ఒళ్ళు మండింది నాకు. దండెం మీదున్న ఉతకని ఆకుపచ్చ చీర తెచ్చి దారికి అడ్డంగా కట్టేశాను.

"దాహమేస్తే ఎటు పోతాయే?" అంది వదిన.

"నీ ఇంటికొస్తాయిలే. కుండ కడిగి పెట్టుకో."

నవ్వింది. నేనూ నవ్వాను.

మర్నాడు ఈతమట్టలు పట్టుకుని పాడుకుంటూ చర్చికి పోతున్నాం. రోడ్డు దాటేచోట దుప్పి పడుంది. కొల్లేటి వైపు నీటి వాసన పట్టి దిగినట్టుంది. లారీ గుద్దింది. డ్రైవరు తల పట్టుకుని పక్కనే కూర్చున్నాడు. దుప్పికి ఊపిరి లేదు. కడుపు మాత్రం కదులుతోంది. కాసేపటికి అదీ ఆగింది. పాస్టరు గారు తన మట్ట దాని మీద కప్పారు. మేమూ కప్పాం.

గార్డు గారు గుట్ట మీంచి సైకిలు మీద వచ్చారు.

"దారికి అడ్డం చీర ఎవరు కట్టారమ్మా?"

నేను దుప్పి మీద మట్ట సర్దాను. వదినే అంది, "గాలికి ఊడొచ్చి చుట్టుకుందండి."

ఆయన నా చేతుల వంక చూశారు.

ఆ సాయంత్రమే చీర కోసేశాను. ముడి ఊడక ఓ పేలిక గుంజకే ఉండిపోయింది. దుప్పులు మళ్ళీ రాలేదు. మొక్కలన్నీ బతికాయి. ఇప్పుడది అడవే. నేరేడుపళ్ళు రాలి కిందే కుళ్ళిపోతాయి, తినే నోరు లేదు. ఆ గుంజ పచ్చికొమ్మ, వేరు పట్టి మానైంది. బెరడు పేలికని సగం మింగింది. అక్కడ నిలబడితే వెనక నీళ్ళు తాగుతున్న చప్పుడు. తిరిగి చూస్తే గుంట ఎండే ఉంటుంది.

వదిన పోయింది, ఆ అబద్ధం నాకు వదిలేసి. గాలి కాదండీ. కట్టింది నేను. ఆవేళ అక్కడున్నది పాస్టరు గారు, లారీ డ్రైవరు, గార్డు గారు, మట్టలు పట్టుకున్న మా పేట ఆడవాళ్ళు ఏడుగురు, మా వదిన, నేను, దుప్పి, దాని కడుపులోది.