కోచ్ గారి తొమ్మిదో పేజీ

మా అబ్బాయి హైస్కూల్ బేస్‌బాల్ కోచ్ గారికి ఒక ఫిలాసఫీ ఉంది. స్పైరల్ బైండింగ్, పద్నాలుగు పేజీలు. పోయినేడు ఆగస్టులో పేరెంట్స్ మీటింగ్ పెట్టి తలా ఒకటి పంచారు. మిగతా తల్లిదండ్రులు దాంతో విసురుకుంటూ పార్కింగ్ లాట్‌లోకి నడిచారు. మా టెక్సస్ ఫ్రిస్కో ఎండలో దానికి అంతకంటే మంచి ఉపయోగం లేదని వాళ్లకి ముందే తెలుసు కాబోలు.

నేను మాత్రం చదివాను. చిన్నప్పుడు ఉబ్బసం వల్ల నన్ను బడికి పంపలేదు. మా నాన్నే ఇంట్లో చదువు చెప్పారు. పాఠం మొదలుపెట్టే ముందు నా పలకని ఆయనే తడిగుడ్డతో తుడిచి చేతికిచ్చేవారు. ఇప్పటికీ దీపం పెట్టేటప్పుడు ఆ పలకని తలుచుకుని దండం పెట్టుకుంటాను. అలా పెరిగానేమో, పాఠం చెప్పేవాళ్లు అచ్చేయించిన మాట అబద్ధం కాదనుకునే తెలివితక్కువతనం నాలో ఉండిపోయింది.

తొమ్మిదో పేజీలో ఇలా ఉంది: 'ఈ ప్రోగ్రామ్‌లో గ్రౌండ్ కంటే గొప్పవాళ్లెవరూ లేరు. ప్రతి ఆటా అయ్యాక నాతో సహా అందరం మట్టి చదును చేశాకే ఇంటికి వెళ్తాం.' చదివి నాకు కళ్లు చెమర్చాయంటే నమ్మండి. దసరాకి పుస్తకాలతో పాటు దాన్నీ సరస్వతి పటం ముందు ఉంచి, అట్ట మీద కుంకుమ బొట్టు పెట్టాను.

మావాడు చూసి తల పట్టుకున్నాడు. "అమ్మా, ప్లీజ్. ఇది ఎవ్వరికీ చెప్పకు."

ఫిబ్రవరిలో సీజన్ మొదలయ్యాక తెలిసింది ఆ పేజీ సంగతి. ఆట అవ్వగానే, బాగా ఆడే పిల్లలు బ్యాగులు భుజాన వేసుకుని, పేరెంట్స్ పెట్టిన బర్గర్ల టేబుల్ దగ్గరికి వెళ్లిపోయేవాళ్లు. రేక్‌లు, అంటే ఆ ఇనప పళ్ల కర్రలు పట్టుకుని మట్టి సర్దేది ఆటంతా బెంచ్ మీద కూర్చున్న నలుగురు. ఆ నలుగురిలో మావాడొకడు. కోచ్ గారు ఫెన్స్‌కి ఆనుకుని పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, "వీ ఆర్ ఫ్యామిలీ, గైస్!" అని కేకేసేవారు. అప్పటిదాకా ఆయన వేళ్లకి అంటింది గింజల ఉప్పు ఒక్కటే.

ఒక గురువారం కారెక్కుతూనే మావాడన్నాడు, "సోమవారం యూనిఫామ్ ఇచ్చేస్తున్నా. ఐ యామ్ డన్."

ఆరేళ్లప్పటి నుంచి గ్లవ్ పక్కన పెట్టుకుని పడుకున్న పిల్లాడు.

"ఆడించట్లేదనా, నాన్నా?"

"అది కాదు. నాకంటే బాగా ఆడేవాళ్లున్నారు, ఐ గెట్ ఇట్. కానీ ఫ్యామిలీ, ఫ్యామిలీ అంటాడు చూడు, అది వింటూ రేక్ పట్టుకోలేను."

ఇంట్లో చెబితే మా ఆయన కంగారుపడ్డారు. "నువ్వెళ్లి ఏదో అనకు. వచ్చే ఏడు టీమ్‌లో వాడి పేరే ఉండదు."

"పేరు వాడే తీసేసుకుంటున్నాడు కదండీ!"

మర్నాడు ఆట అయ్యాక, బొట్టు పెట్టిన పుస్తకం పట్టుకుని ఫెన్స్ దగ్గరికి వెళ్లాను.

"మ్యామ్, ఆటైన ఇరవై నాలుగు గంటల దాకా పేరెంట్స్‌తో మాట్లాడను. రూల్."

"తెలుసండీ. అది నాలుగో పేజీ, పిల్లల్ని ఆడించడం గురించి అడిగేవాళ్లకి. నేనొచ్చింది తొమ్మిదో పేజీ గురించి."

ఆయన అట్ట వంక చూశారు. "ఈ మరకేంటి?"

"గౌరవం," అన్నాను.

ఆయన నవ్వేసి, మైదానంలో రేక్ లాగుతున్న మావాడి వైపు చెయ్యి చూపించారు. "మీవాడు నిజమైన లీడర్, మ్యామ్. ఎంత ఇష్టంగా చేస్తున్నాడో చూడండి."

ఇష్టమట! "మీరు 'నాతో సహా' అని రాశారు. మీ రేక్ ఎక్కడుందండీ?"

బర్గర్ల దగ్గర నాలుగు తలలు ఇటు తిరిగాయి. ఇక తప్పదని ఆయన ఒక రేక్ అందుకుని, సెకండ్ బేస్ దగ్గర మట్టిని బరబరా గడ్డిలోకి లాగడం మొదలుపెట్టారు. మావాడు ఉండబట్టలేకపోయాడు.

"కోచ్, గడ్డిలోకి కాదు! గట్టు కడుతుంది, బంతి దాని మీద లేచి మొహానికి తగులుతుంది. అంచు వెంబడే లాగాలి."

పద్నాలుగు పేజీలు రాసిన మనిషికి గడ్డి అంచు సంగతి తెలియదు!

కారులో మావాడు మొహం కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. "ఎంత ఎంబరాస్ చేశావో తెలుసా?"

"సారీ నాన్నా." మనస్ఫూర్తిగానే అన్నాను.

రెండు సిగ్నల్స్ దాటాక వాడికి నవ్వొచ్చేసింది. "గడ్డిలోకి లాగాడమ్మా! గడ్డిలోకి!"

ఆదివారం మధ్యాహ్నం వంటింట్లోకి వచ్చి, జెర్సీ ఉతికావా అని అడిగాడు.

"ఇచ్చేయడానికా?"

"కాదు, రేపు ప్రాక్టీస్. నేను మానేస్తే సెకండ్ బేస్‌ని ఏం చేసి పెడతాడో."

పొయ్యి కట్టేసి, అక్కడే నిలబడి దేవుడికి దండం పెట్టుకున్నాను.

మొన్న ఆగస్టులో కొత్త పుస్తకం పంచారు. అట్ట రంగు మారింది. నేను మళ్లీ చివరిదాకా చదివాను. ఫ్యామిలీ ఉంది, గ్రౌండ్ కంటే గొప్పవాళ్లెవరూ లేరన్నదీ ఉంది. తొమ్మిదో పేజీలో 'నాతో సహా' ఒక్కటే లేదు. ఆయన రాసిన పుస్తకం ఆయన చేత ఒకసారి చదివించాను కదా, దానికీ దేవుడికి కృతజ్ఞతే.

ఈ దసరాకి దాన్ని పటం ముందు పెట్టను. వాడి గ్లవ్ పెడతానని చెప్పి, దానికి బొట్టు పెట్టనా అని మావాడిని అడిగాను.

గ్లవ్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, "చిన్నది పెట్టు," అన్నాడు.