అయస్కాంతం మామ వైద్యం

పాత యంత్రాలు విప్పే ఆ షెడ్డులో అతణ్ణి అందరూ అయస్కాంతం మామ అనేవారు. హార్డ్ డిస్కులూ మోటార్లూ విప్పి, లోపలున్న నియోడిమియం అయస్కాంతాలను ఊడదీయడం ఇరవై ఏళ్ళుగా అతని పని. మట్టిలో అక్కడక్కడా దొరికే ఆ నియోడిమియం లోహాన్ని ఇనుముతోనూ, బోరాన్‌తోనూ కలిపితే గోరంత ముక్కకు కూడా ఎక్కడలేని మొండిపట్టు వస్తుంది. ఫోను మోగాలన్నా, బ్యాటరీ బండి కదలాలన్నా అదే దిక్కు. లోకమంతా దాని మీదే నడుస్తోందని మామకు మహా గర్వం. లోకానికి మామ సంగతి తెలియదు, అది వేరే మాట.

షెడ్డులో అతనికి ఇంకో కొలువూ ఉంది. కోత మిషను దగ్గర ఎవరి కంట్లో ఇనుప నలుసు పడినా అతని దగ్గరికే పరుగెత్తేవారు. రెప్ప పైకెత్తి చిన్న అయస్కాంతం చూపిస్తే నలుసు టక్కున వచ్చి అంటుకునేది. "డాక్టరుకైతే పూటంతా కాచుకోవాలి, మామకైతే చిటికె చాలు" అని జనం మునగచెట్టు ఎక్కించేవారు. మామ ఎక్కేవాడు.

ఒక మధ్యాహ్నం, మోటార్లు కోస్తున్న అతని కూతురి కంట్లోనే నలుసు పడింది. చుట్టూ నలుగురూ మూగారు. చిన్న అయస్కాంతానికి అది రాలేదు.

"ఆస్పత్రికి పోదామా అమ్మా?" అని కూతుర్ని అడిగాడు మామ.

"ఆస్పత్రెందుకు? మామ ఉండగా!" అన్నారెవరో వెనకనుంచి.

ఆ పొగడ్తే కొంప ముంచింది. పొద్దున బ్యాటరీ బండి మోటారులోంచి తీసిన పెద్ద ముక్కను అందుకున్నాడు. డిస్ప్రోసియం అనే మరో లోహం కలిపిన సరుకు, మోటారు సలసల కాగినా పట్టు వదలదు. అలాంటివి రెండు కలుసుకుంటే మధ్యలో వేలు నుజ్జవుతుందని కొత్తవాళ్ళకు రోజూ చెప్పేది అతనే. చెప్పేవాడికి బుద్ధి ఉండొద్దూ!

నలుసు పైపైన లేదు, గుడ్డులోకి దిగి ఉంది. పెద్ద ముక్కను కంటికి చూపించగానే వచ్చింది, కానీ నల్లగుడ్డును చీల్చుకుంటూ వచ్చింది. పిల్ల కేకకు మిషన్లన్నీ ఆగిపోయాయి.

"నేరుగా నా దగ్గరికి తెచ్చి ఉంటే కన్ను దక్కేదండీ" అంది ఆస్పత్రిలో డాక్టరమ్మ.

డాక్టరమ్మ వెళ్ళాక మామ మంచం పక్కన కూలబడి, కూతురి చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. "వద్దని ఒక్క మాట అనకపోయావా తల్లీ!"

"ఆ పెద్ద ముక్క చూడగానే భయమేసింది నాన్నా. అంతమందిలో నీ పరువు పోతుందని ఊరుకున్నా."