భావనారాయణ లారీకి కొట్టిన కొబ్బరికాయ

నాంపల్లి స్టేషన్ వెనకాల సైలస్ మామ మెకానిక్ షెడ్డు ఉండేది. ఖైరతాబాద్‌లో లారీ దగ్గితే ఇక్కడ చాయ్ తాగుతూ రోగం చెప్పేవాడు. తొమ్మిదో తరగతిలోనే బడికి సెలవిచ్చి ఆ షెడ్డులో పనికి చేరిన నేనే సాక్షిని.

రెండువేల ఎనిమిదిలో, దసరా వెళ్లిన నెలకి, భావనారాయణ నడిపే డీజిల్ లారీ స్టార్టవడం మానేసింది. "తప్పు నీదని తేలితే తాళాలిచ్చి పో" అన్నాడట ఓనరు. ఇరవయ్యేళ్లుగా లారీలు తోలిన మనిషి, పసివాడిలా బిక్కమొహంతో నిలబడ్డాడు.

మామ బ్యాటరీకీ వైర్లకీ మీటరు పెట్టి చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. అలాంటిదే మరో లారీలోని ఇంజిన్ కంప్యూటరు తగిలిస్తే బండి వెంటనే లేచింది. దాంతో పాత కంప్యూటరు పెట్టె విప్పాడు. లోపల పచ్చటి చిలుము, ప్లగ్గు మూలన కొబ్బరి పీచు.

"ఏంది నారాయణన్నా, కాయ ఇంజన్ నెత్తిన కొట్టినవా?"

"బండి చల్లగా ఉండాలని కొట్టానండీ, సైలస్ గారూ. నా చేత్తో నేనే చంపుకున్నాను."

"సావలే. జర ఊకో."

కొత్త కంప్యూటరు బిగించి, ల్యాప్‌టాప్‌తో ఆ లారీ వివరాలు అందులోకి ఎక్కించాడు. ఇంజిన్ గర్జనకి మొజంజాహీ మార్కెట్లో ఐస్‌క్రీం కరిగిపోయింది.

ఓనరు ఫోన్ చేస్తే, "పెట్టెలోకి నీళ్లు దిగినయ్ సార్, మార్చిన" అన్నాడు మామ. ఏ నీళ్లో చెప్పలేదు.

మరుసటి దసరాకి, ఏ ఆదివారమూ చర్చి మానని ఆ మామే కంప్యూటరు మీద రబ్బరు షీటు కప్పి, కొబ్బరికాయ తెచ్చి భావనారాయణ చేతిలో పెట్టాడు.

"గీడ, టైరు కాడ కొట్టన్నా."