సన్నపళ్ల రంపం

మొన్న శృంగవరపుకోటలో రంపాల కొట్టు ముందు నూనె వాసన తగిలి, పాతికేళ్ల నాటి కోపం మళ్లీ లేచింది.

మా జీడితోటలో పిక్కలు రాలేలోగా చెట్ల కింద తుప్పలు కొట్టేయాలి, లేకపోతే పిక్కలు ఏరలేం. ఆ ఏడు తుప్పలు కత్తికి లొంగనంతగా ముదిరాయి. రంపం కొనడానికి పెదనాన్న, నాన్న వెళ్తుంటే తొమ్మిదేళ్ల నేనూ వెంటపడ్డాను. పచ్చికర్రకు పెద్దపళ్లదే పనికొస్తుందని కొట్టతను చెప్పాడు. నేను అదే చూపించాను. పెదనాన్న వినకుండా, తళతళలాడే సన్నపళ్ల రంపం కొన్నాడు.

తోటలో మొదటి మోడుకే దాని పళ్లలో పొట్టు నిండి ఇరుక్కుపోయింది. కూలీలు నవ్వారు.

"ఈ గుంటే ఏరింది. నానేటి సేస్తాను?" అన్నాడు పెదనాన్న, నా వైపు వేలు చూపించి.

"రంపం ఏరమంటే గాజులు ఏరినట్టు ఏరిందేటి!" అందొక కూలీ.

"నాను పెద్దపళ్లదే సూపించాను! నాన్నా, నువ్వు సూసినావు కదా, సెప్పు!"

నాన్న తలెత్తకుండా తుప్పలు లాగుతూ, "ఊరుకోవే" అన్నాడు.

నాన్న ఆవేళ కొట్లో చూడలేదేమో అనుకున్నాను. చాలా ఏళ్లు అలాగే నమ్మాను. చూశాడు. తోట పెదనాన్న పేరున ఉంది, మా వాటా అప్పటికింకా తేలలేదు.

పెదనాన్న మీద కోపం ఎప్పుడో వదిలేశాను. నాన్నని మాత్రం ఇంకా క్షమించలేదు.